పరీక్ష ఫ్యాక్టరీలో, ప్రమాదం ప్రసవ గదిలో

ముప్పై, ముప్పై అయిదేళ్ల కిందట ప్రభుత్వాసుపత్రి ప్రసవ గదిలో పనిచేసిన సిస్టర్లను కదిపితే గ్లౌజుల గురించి చాలాసేపు చెబుతారు. వాడిన జతను ముందు చన్నీళ్లలో ఝాడించి రక్తం వదలగొట్టేవారు. తర్వాత సబ్బునీళ్లు. మణికట్టు అంచు పట్టుకుని గిర్రున తిప్పి లోపల గాలి బిగించేవారు. ఉబ్బిన గ్లౌజును నీళ్ల గిన్నెలో ముంచి వేళ్ల సందులు నొక్కి చూసేవారు. ఎక్కడైనా బుడగ లేచిందా, అది పక్కకు పోయినట్టే. మంచివి ఆరేసి, పౌడరు చల్లి, సైజుల వారీగా జతలు కట్టి, గుడ్డలో చుట్టి ఆటోక్లేవ్‌కు పంపేవారు.

ఆ పద్ధతి మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. పదేపదే కడిగి, ఉడికించి వాడితే రబ్బరు పలచబడుతుంది, చిట్లుతుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ భయం పెరిగాక ఒకసారి వాడి పారేసే గ్లౌజులు వచ్చాయి, రావడం మంచిదే అయింది. కానీ ఆ మార్పులో ఒక పని చేతులు మారింది. అంతకుముందు గ్లౌజు తొడుక్కునే మనిషే దాన్ని పరీక్షించుకునేది. ఇప్పుడు ఆ పరీక్ష ఎక్కడో ఫ్యాక్టరీలో జరుగుతుంది. ఫలితం కాగితం మీద రాజధాని దాకా వస్తుంది. తొడుక్కునే మనిషికి అట్టపెట్టె మాత్రమే అందుతుంది. వైద్య సిబ్బంది చేతుల రక్షణకు మన దగ్గర ప్రమాణాలు, చట్టాలు తక్కువేమీ లేవు. అవి చేతి దాకా వచ్చే దారి లేదు. దారి వేయడం పెద్ద ఖర్చుతో కూడిన పని కూడా కాదు.

కూసుమంచిని తీసుకుందాం. ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్లే రోడ్డు మీద, పాలేరు జలాశయం దగ్గర ఉన్న మండల కేంద్రం. కాకతీయుల నాటి గణపేశ్వరాలయం చూడ్డానికి కొందరు ఆగుతారు. ఇలాంటి మండలంలో ప్రభుత్వ వైద్యమంటే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దాని కింద ఉపకేంద్రాలు, ఊరూరా ఆశా కార్యకర్తలు. కాన్పు కష్టమైతే ఖమ్మం పెద్దాసుపత్రే గతి. ఇక్కడి నుంచి తూర్పుగా, కొత్తగూడెం దాటి భద్రాచలం అడవుల వైపు పోయేకొద్దీ ఊళ్లు పలచబడతాయి, పెద్దాసుపత్రి దూరమవుతుంది, ఏఎన్ఎం ఒక్కరే చూసుకోవాల్సిన గూడేలు ఎదురవుతాయి. వానలు పడ్డాయంటే మలేరియా, డెంగీ అనుమానంతో వేళ్లు గుచ్చి రక్తం తీయడం ఆమెకు రోజువారీ పని. దారిలోనే నొప్పులు ఎక్కువైతే 108 బండిలోనే పురుడు పోయాల్సి వస్తుంది. ఆ చేతికీ, ఆ రక్తానికీ మధ్య ఉండేది మిల్లీమీటరులో పదోవంతు కూడా లేని రబ్బరు పొర.

ఆ పొర ఎలా ఉండాలో ప్రమాణాలు వివరంగానే చెప్పాయి. ఒకసారి వాడే ఆపరేషన్ గ్లౌజులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 13422. ఇవి కుడి ఎడమ వేరువేరుగా, స్టెరైల్ చేసి, కాగితం కవరులో జతగా వస్తాయి. 6, 6.5, 7, 7.5 అంటూ అర సైజు తేడాతో ఉంటాయి. రోగిని పరీక్షించడానికి, రక్తం తీయడానికి, డ్రెస్సింగు మార్చడానికి వాడే పరీక్షా గ్లౌజులు వేరే రకం. వందేసి ఒక పెట్టెలో, ఏ చేతికైనా సరిపోయేలా ఉంటాయి. వీటికి ఐఎస్ 15354 ఉంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 11193ను అనుసరించి దాన్ని రూపొందించారు. సాఫీగా ఉన్న చోట మందం కనీసం 0.08 మిల్లీమీటర్లు ఉండాలి. రబ్బరు పాలతో చేసినదైతే తెగడానికి కనీసం 7 న్యూటన్ల బలం పట్టాలి, తెగేలోపు తన పొడవుకు ఆరున్నర రెట్లు అదనంగా సాగాలి. 70 డిగ్రీల వేడిలో ఏడు రోజులు ఉంచి, ఆ తర్వాత కూడా దాదాపు ఆ బలం మిగిలిందా అని చూస్తారు. రబ్బరు ముసలిదవుతుందని, వేడి దాన్ని తొందరగా ముసలిదాన్ని చేస్తుందని ప్రమాణం రాసినవాళ్లకు తెలుసు.

అన్నిటికంటే ముఖ్యమైనది చిల్లుల పరీక్ష. చూస్తే చాలా సాదాగా ఉంటుంది. గ్లౌజు నోటిని ఒక గొట్టానికి బిగించి వేలాడదీస్తారు. లోపలికి లీటరు నీళ్లు పోస్తారు. బరువుకు గ్లౌజు పొట్టలా సాగుతుంది, వేళ్లు బిగుసుకుంటాయి. వెంటనే ఒకసారి, రెండు నిమిషాలాగి మరోసారి చూస్తారు. ఎక్కడైనా నీటి చుక్క మెరిస్తే ఆ గ్లౌజు తప్పినట్టు. అమెరికాలోనైనా యూరప్‌లోనైనా జరిగేది ఇదే. మన పాత సిస్టర్లు గాలితో చేసింది వీళ్లు నీటితో చేస్తారు.

అయితే ప్రతి గ్లౌజునూ ఇలా చూడరు, చూడలేరు. లక్ష గ్లౌజుల లాటు నుంచి 200 తీసి చూస్తారు. పరీక్షా గ్లౌజులకు అనుమతించే లోపం స్థాయి 2.5. దాని లెక్క ప్రకారం ఆ 200లో 10 కారినా లాటు పాసవుతుంది, 11 కారితే తిరస్కరించాలి. ఆపరేషన్ గ్లౌజులకు స్థాయి 1.5 కాబట్టి ఏడింటి దాకా ఒప్పుకుంటారు, ఎనిమిదోది కారితే ఒప్పుకోరు. అమెరికా నియంత్రణ సంస్థ కూడా ఒకప్పుడు ఇంతకంటే ఉదారంగానే ఉండేది. ఆపరేషన్ గ్లౌజులకు 2.5, పరీక్షా గ్లౌజులకు 4 ఉన్న స్థాయిని 2008 చివర్లో 1.5కు, 2.5కు బిగించింది.

ఈ లెక్క చదివితే మొదట గుండె ఝల్లుమంటుంది. ప్రమాణం పాసైన పెట్టెలోనే వందకు రెండు మూడు చిల్లు గ్లౌజులు ఉండే అవకాశం ఉందన్నమాట. కానీ దీన్ని మోసమనడానికి లేదు. చెయ్యి ఆకారపు పింగాణీ అచ్చులు వరసగా రబ్బరు పాల తొట్టెలో మునిగి లేస్తుంటాయి. అంటిన పలచని పొరను వేడితో గట్టిపరచి ఊడదీస్తారు. అచ్చు మీద ఒక్క ధూళి కణం ఉన్నా, పాలల్లో ఒక్క గాలి బుడగ ఉన్నా అక్కడ సూదిమొనంత చిల్లు పడుతుంది. కోట్ల సంఖ్యలో చేసేటప్పుడు సున్నా లోపం సాధ్యం కాదు. నా అభ్యంతరం వేరే. ఈ సంగతి తయారీదారుకు తెలుసు, టెండరు కమిటీకి తెలుసు, ప్రమాణాల సంస్థకు తెలుసు. ప్రసవ గదిలో నిలబడే సిస్టర్‌కు మాత్రం ఎవరూ చెప్పరు. తెలిస్తే ఆమె తొడుక్కునే ముందు వెలుతురుకు పెట్టి చూస్తుంది. రక్తం ఎక్కువగా పోయే కాన్పులో రెండు జతలు వేసుకుంటుంది. జత మీద జత వేసుకుంటే లోపలి గ్లౌజుకు చిల్లులు పడటం 71 శాతం తగ్గుతుందని 2014 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆమెకు ఇచ్చే ఇండెంటులో ఆ రెండో జతకు చోటుండాలి.

ఇక చట్టం. 2018 జనవరి 1న అమల్లోకి వచ్చిన వైద్య పరికరాల నియమాలు 2017 ప్రకారం ఏ పరికరమైనా భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన ప్రమాణానికో, కేంద్ర ఆరోగ్య శాఖ ప్రకటించిన ప్రమాణానికో తగినట్టు ఉండాలి. అది లేకపోతే అంతర్జాతీయ ప్రమాణం వర్తిస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలే. 2022 అక్టోబర్ 1 నుంచి తక్కువ ప్రమాదపు తరగతులకూ లైసెన్సు తప్పనిసరి చేశారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ అదే నెలలో తక్కువ ప్రమాదపు తరగతిలోని స్టెరైల్ కాని, కొలతలు చూపని పరికరాలకు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చి, కంపెనీ తానే పోర్టల్‌లో నమోదు చేసుకుంటే చాలన్నారు. పల్లెల్లో అన్నిటికంటే ఎక్కువగా ఖర్చయ్యే మామూలు పరీక్షా గ్లౌజు ఈ వదులు వలలోకే వస్తుంది. రోగికి ఎంత ప్రమాదం అన్న కొలతతో తరగతులు పెట్టారు. తొడుక్కున్న మనిషికి ఎంత ప్రమాదం అన్న కొలత అందులో లేదు. అదే కొలతతో చూస్తే ఏఎన్ఎం చేతి గ్లౌజు తక్కువ ప్రమాదపు వస్తువు ఎలా అవుతుంది?

సిబ్బంది వైపు నుంచి చూసిన చట్టాలూ ఉన్నాయి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు ఆసుపత్రి యాజమాన్యం మీద స్పష్టమైన బాధ్యతలు పెట్టాయి. సిబ్బందికి తగిన రక్షణ సామగ్రి సరిపడా ఇవ్వాలి, హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏడాదికోసారి ఆరోగ్య పరీక్ష చేయించాలి. 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉన్న హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టంలోని 19వ సెక్షన్ కూడా అదే చెబుతుంది. రక్తంతో పనిచేసే ప్రతి సంస్థా సిబ్బందికి రక్షణ సామగ్రి, శిక్షణ, ప్రమాదం జరిగితే వెంటనే మందులు అందించాలి. ఈ మూడు మాటలూ కూసుమంచి ఉపకేంద్రానికి ఎంత వర్తిస్తాయో హైదరాబాద్ నిమ్స్‌కూ అంతే వర్తిస్తాయి. చట్టంలో చిన్న ఆసుపత్రికి రాయితీ ఏమీ లేదు.

మరి గ్లౌజు ఎక్కడ దారి తప్పుతుంది? ప్రభుత్వాసుపత్రులకు మందులు, సామగ్రి కొనేది రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ. టెండరులో అర్హత దాటిన వారిలో తక్కువ ధర చెప్పినవారిదే ఆర్డరు. ప్రజల డబ్బు కాబట్టి తక్కువ ధర చూడటం సబబే. చిక్కేమిటంటే గ్లౌజు లాంటి వస్తువులో ధర తగ్గించడానికి తయారీదారుకు ఉన్న దగ్గరి దారి పొరను పలచబరచడం, పాలల్లో పూరక పదార్థాలు కలపడం. టెండరు నమూనా ఒక రకంగా, ఆరో నెల సరఫరా మరో రకంగా వస్తే పట్టుకునేది ఎవరు? మాత్రల విషయంలో ప్రతి బ్యాచ్‌నూ ప్రయోగశాలకు పంపే అలవాటు ప్రభుత్వ కొనుగోళ్లలో స్థిరపడింది. గ్లౌజులకు ఆ శ్రద్ధ రాలేదు. మందు నాసిరకమైతే రోగి బంధువులు నిలదీస్తారు. గ్లౌజు చిరిగితే సిస్టర్ ఇంకోటి తీసుకుని పని కానిస్తుంది, చిరిగినది ఎర్ర సంచిలోకి పోతుంది. ఫిర్యాదు అక్కడే ముగుస్తుంది.

దారిలో రెండో మలుపు ఎండ. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. గ్లౌజు పెట్టెల మీద చల్లని, పొడి చోట, ఎండ తగలకుండా ఉంచాలని రాసి ఉంటుంది. రేకుల కప్పు కింద, కిటికీ పక్క బీరువా మీద, ఆక్సిజన్ సిలిండర్ల పక్కన పేర్చిన పెట్టెలకు ఆ రాత ఏం రక్షణ ఇస్తుంది? ఎండ, వేడి, గాలిలోని ఓజోన్ సహజ రబ్బరుకు పడవు. పెట్టె మీది గడువు ఇంకా రెండేళ్లున్నా అంచులు జిగటగా అంటుకుపోవడం, తొడుక్కుంటుంటే మణికట్టు దగ్గర చీలిపోవడం ఇందువల్లే. మందుల దుకాణానికి ఉష్ణోగ్రత నియమాలున్నాయి, టీకాలకు చల్లని పెట్టెలున్నాయి. గ్లౌజులకు కనీసం నీడ పట్టు గది, నేలకు ఎత్తుగా అరలు, ముందొచ్చినవి ముందు వాడే పద్ధతి ఉంటే చాలు.

సైజుల సంగతి ఇంకా విచిత్రం. ప్రసవ గదిలో పనిచేసేవారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. వాళ్లలో చాలామందికి సరిపడేది 6 లేదా 6.5. 7.5 సైజు వదులు జతే చేతికి అందితే వేళ్ల కొసల దగ్గర అంగుళం రబ్బరు వేలాడుతుంది. కుట్టు వేసేటప్పుడు ఆ వేలాడే కొస సూదికి తగులుకుంటుంది, దారం ముడిలో ఇరుక్కుంటుంది. లోపలి పరీక్షలో గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుందో వేలి స్పర్శతోనే తెలియాలి. ఆ స్పర్శ ముడతల్లో పోతుంది. బిగుతుదైతే పావుగంటలో వేళ్లు తిమ్మిరెక్కుతాయి, వేసుకునేటప్పుడే చిరుగుతుంది. మాయ దానంతటదే పడనప్పుడు చెయ్యి లోపలికి పెట్టి తీయాల్సి వస్తుంది. దానికి మోచేతి దాకా వచ్చే పొడవాటి గ్లౌజులు ఉంటాయి. అవి లేని చోట మామూలు జతతోనే చేస్తే మణికట్టు పైభాగమంతా రక్తంలో తడుస్తుంది. సగటు సైజుతో సరిపెట్టే ఇండెంటు వల్ల వచ్చే కష్టం ఇది. ఏ సైజువి ఎన్ని కావాలో సిబ్బందిని అడిగి రాసుకోవడానికి ఫార్మసిస్టుకు ఒక పూట చాలు.

ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజు వచ్చిందే ఒక నర్సు చేతుల కోసం. 1889-90 ప్రాంతంలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో కారొలైన్ హాంప్టన్ అనే నర్సుకు చేతులు శుభ్రం చేసుకునే పాదరస ద్రావణం పడక చర్మం ఒరిసిపోయింది. అక్కడి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీతో ఆమె కోసం పలచని గ్లౌజులు చేయించాడు. గ్లౌజులు వేసుకుంటే రోగులకు ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గుతాయని ఆయన శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్ హెర్నియా ఆపరేషన్ల ఫలితాలతో 1899లో చూపించాడు. రోగికి లాభమన్నది తర్వాత తెలిసింది. నూట ముప్పై ఏళ్లు దాటినా సిబ్బంది చేతుల మీద దద్దుర్లను మాత్రం మనం ఇంకా చిన్న విషయంగానే చూస్తున్నాం. గ్లౌజు లోపలి పౌడరు రబ్బరులోని ప్రోటీన్లను మోసుకుని గాలిలోకి లేస్తుంది. పడని వారికి తుమ్ములు, ఆయాసం, దద్దుర్లు వస్తాయి. రోగి కడుపులో పడితే పేగులు అతుక్కునే ప్రమాదమూ ఉంది. ఈ కారణాలతోనే 2017 జనవరి 18 నుంచి అమెరికా పౌడరు గ్లౌజులను పూర్తిగా నిషేధించింది. మన దగ్గర అవి ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. పౌడరు లేని వాటికి కొంత ఎక్కువ పెట్టాలి. ప్రభుత్వ టెండర్ల వరకైనా పౌడరు రకాన్ని ఆపేస్తే మార్కెట్టు దానంతటదే సర్దుకుంటుంది. రబ్బరు పడని సిబ్బందికి నైట్రైల్ గ్లౌజులు విడిగా ఇవ్వాలి.

గ్లౌజు చేయలేని పనులూ ఉన్నాయి. సూది గుచ్చుకోవడాన్ని ఏ పరీక్షా గ్లౌజూ ఆపలేదు. గ్లౌజులోంచి దిగే సూది మీద రక్తాన్ని రబ్బరు తుడిచేస్తుంది కాబట్టి లోపలికి పోయే రక్తం సగానికి సగం తగ్గుతుందని ప్రయోగాలు చూపాయి. అంతవరకే. రోగ కారక రక్తం ఉన్న సూది గుచ్చుకుంటే హెచ్ఐవీ సోకే అవకాశం దాదాపు 0.3 శాతం, హెపటైటిస్ సి దాదాపు 1.8 శాతం. టీకా వేసుకోని మనిషికి హెపటైటిస్ బి సోకే అవకాశం 6 నుంచి 30 శాతం దాకా ఉంటుంది. ఈ చివరి అంకె దగ్గర ఆగాలి. మూడు డోసుల టీకాతో దాదాపుగా తుడిచేయగల ప్రమాదం ఇది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలు వేసే ఏఎన్ఎంకు, సూదులు ఏరే ఆయాకు తమ మూడు డోసులూ పూర్తయ్యాయా అని అడిగితే ఎంతమంది కార్డు తీసి చూపించగలరు? హెచ్ఐవీ విషయంలో మందులు రెండు గంటల్లో మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ప్రయోజనం ఉండదు. భద్రాచలం అడవిలోని ఉపకేంద్రంలో రాత్రి పదింటికి సూది గుచ్చుకుంటే ఆ మందు ఎక్కడ దొరుకుతుందో, ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద రాసి ఉండాలి.

ఇంకో మాట. కోవిడ్ తర్వాత కొన్ని చోట్ల గ్లౌజులు అవసరం లేని పనులకూ వేసుకుంటున్నారు, ఒకే జతతో నలుగురైదుగురిని చూస్తున్నారు. టీకా వేయడానికి, బీపీ చూడటానికి గ్లౌజులు అక్కర్లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది. గ్లౌజు విప్పాక చేతులు కడగాల్సిందే. ఒక రోగి నుంచి మరో రోగికి అదే గ్లౌజుతో వెళ్తే అది రక్షణ కాదు, రవాణా. అవసరం లేని చోట పొదుపు చేస్తే ప్రసవ గదిలో రెండో జతకు డబ్బు మిగులుతుంది.

గ్లౌజుల గురించి మాట్లాడేటప్పుడు అందరం మరిచిపోయే మనిషి ఒకరున్నారు. ప్రసవ గది నేల కడిగేది, రక్తం గుడ్డలు ఎత్తేది, ఎర్ర, పసుపు సంచులు మోసేది పారిశుద్ధ్య కార్మికులు. వారికి కావాల్సింది మోచేతి దాకా ఉండే మందపాటి రబ్బరు గ్లౌజులు, గట్టి బూట్లు. చాలాచోట్ల వారి చేతికి వచ్చేది పరీక్షా గ్లౌజే. గుడ్డల మూటలో పొరపాటున ఉండిపోయిన సూదికి 0.08 మిల్లీమీటర్ల పొర ఏం అడ్డు? వాళ్లు ఎక్కువగా ఏజెన్సీ కింద కాంట్రాక్టు మీద ఉంటారు. గ్లౌజులు ఆసుపత్రి ఇవ్వాలా, కాంట్రాక్టరు ఇవ్వాలా అన్న వాదనలో నెలలు గడుస్తాయి. 2016 నియమాలు ఈ వాదనకు చోటివ్వలేదు. ఆసుపత్రి ఎవరిదైతే బాధ్యత వారిది. 2024 సెప్టెంబర్ 1న పాలేరు, మున్నేరు పొంగి కూసుమంచి మండలం, ఖమ్మం పట్టణం నీట మునిగినప్పుడు బురద ఎత్తడానికి ముందు దిగింది ఈ కార్మికులే. కుళ్లిన కళేబరాలు, గాజు పెంకులు, ఆసుపత్రి చెత్త అన్నీ కలిసిన బురద అది. అత్యవసర నిల్వల జాబితాలో బ్లీచింగ్ పౌడరుతో పాటు మందపాటి గ్లౌజులను కూడా మే నెలలోనే లెక్కపెట్టుకోవాలి.

వాడి పారేసిన గ్లౌజు మళ్లీ మార్కెట్టులోకి రావడం కూడా జరిగింది. 2020లో థాయిలాండ్‌లో అధికారులు గోదాముల మీద దాడి చేస్తే వాడిన గ్లౌజులను కడిగి, రంగు వేసి, కొత్త పెట్టెల్లో నింపుతున్నవారు దొరికారు. అలాంటి సరుకు అమెరికా దాకా చేరిందని ఆ తర్వాతి ఏడు బయటపడింది. మన నవీ ముంబైలోనూ 2020 ఆగస్టులో పోలీసులు వాడిన గ్లౌజులను శుభ్రం చేసి తిరిగి అమ్మే ముఠాను పట్టుకున్నారు. వాడిన గ్లౌజులను ఎర్ర సంచిలో వేసి, శుద్ధి కేంద్రంలో ఆటోక్లేవ్ చేసి ముక్కలు చేయాలన్న నియమం ఇందుకే. మారుమూల ఆసుపత్రి నుంచి బండి రోజూ రాకపోతే ఎర్ర సంచి చెత్తకుప్పకు చేరుతుంది. అక్కడి నుంచి ఎటు పోతుందో ఎవరూ చూడరు. పెట్టె మీద బ్యాచ్ నంబరు, తయారీదారు పూర్తి చిరునామా, నమోదు సంఖ్య లేని గ్లౌజులను తీసుకోబోమని స్టోరు వాళ్లు గట్టిగా అనాలి.

ఇన్‌ఫెక్షన్ నివారణలో ఒక్క కొక్కెం ఊడితే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నంలో కుటుంబ నియంత్రణ శిబిరంలో 34 మందికి ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు. ఇన్‌ఫెక్షనే కారణమని విచారణలో తేలింది. అక్కడ తప్పు గ్లౌజుల్లో ఉందని నేను అనడం లేదు. ఒక్క పూటలో అన్ని ఆపరేషన్లు చేసే చోట పరికరాల స్టెరిలైజేషన్, చేతులు కడగడం, ప్రతి రోగికీ కొత్త జత గ్లౌజులు అన్నీ ఒకే తొందరకు లోనవుతాయి. చనిపోయాక విచారణ జరిపే వ్యవస్థ మనకు ఉంది. చనిపోకముందు, ఏ నెలలో ఏ బ్యాచ్ గ్లౌజులు చిరిగాయి, ఎంతమందికి సూదులు గుచ్చుకున్నాయి అని అడిగే వ్యవస్థ కావాలి.

అందుకు నేను కోరేది పెద్ద ప్రయోగశాల కాదు. గ్లౌజుల లాటు జిల్లా ఔషధ గిడ్డంగికి చేరిన రోజే అక్కడ నీటి పరీక్ష జరగాలి. జిల్లాకు వచ్చేది పదివేల లోపు గ్లౌజుల సరఫరా అయితే అంతర్జాతీయ పట్టిక ప్రకారం 80 చూస్తే చాలు. గొట్టం, కొక్కెం, నీళ్లు ఉంటే ఒక ఫార్మసిస్టు, ఒక సహాయకుడు సగం రోజులో ముగించగలరు. సిబ్బంది మీద ఇప్పటికే పని భారం ఎక్కువ అనేవారి మాట నిజమే. ఏడాదిలో కొద్ది సార్లు మాత్రమే వచ్చే పని ఇది. ఖమ్మంలో 2023లో, కొత్తగూడెంలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. మైక్రోబయాలజీ, కమ్యూనిటీ మెడిసిన్ విభాగాల విద్యార్థులకు ఈ పరీక్ష శిక్షణలో భాగం చేయవచ్చు. తమ చేతికి వచ్చే గ్లౌజు ఎంత నమ్మదగినదో వాళ్లూ చదువులోనే తెలుసుకుంటారు.

ప్రతి ఆరోగ్య కేంద్రంలో ఒక పుస్తకం ఉండాలి. తొడుక్కుంటుంటే చిరిగినది, చిల్లు కనిపించినది, గడువులోపే జిగటగా మారినది బ్యాచ్ నంబరుతో అందులో రాయాలి. అదే పుస్తకంలో సూది గాయాలు కూడా. రాసినందుకు సిస్టర్‌ను, ఆయాను ఎవరూ నిలదీయకూడదని మెడికల్ ఆఫీసరు ముందే చెప్పాలి. గాయం రాస్తే తనదే అజాగ్రత్త అంటారన్న భయంతోనే చాలామంది దాచిపెడతారు, ఆ దాచిన గంటల్లోనే మందు వేసుకోవాల్సిన సమయం పోతుంది. ఆశా కార్యకర్తల సంచిలో గ్లౌజుల లెక్క కూడా ఈ పుస్తకంలోకే రావాలి. పారితోషికం మీద పనిచేసే వారన్న పేరుతో వారిని సిబ్బంది లెక్కలోంచి తీసేయడం సరికాదు. గూడెంలో కాన్పు దగ్గర ఉన్నవారి చేతులకు ఉద్యోగ హోదా అడిగి అంటుకునే జబ్బు ఏదీ లేదు.

ఆ పుస్తకాల్లోని బ్యాచ్ నంబర్లను మూడు నెలలకోసారి జిల్లా వైద్యాధికారి కార్యాలయం ఒకచోట చేర్చాలి. గిడ్డంగి నీటి పరీక్ష ఫలితాలతో కలిపి కొనుగోలు సంస్థకు పంపాలి. వచ్చే టెండరులో ఐఎస్ 13422, ఐఎస్ 15354 సంఖ్యలు, పౌడరు లేని రకం, సైజుల వారీ సంఖ్యలు, పారిశుద్ధ్య కార్మికుల మందపాటి గ్లౌజులు విడి పద్దుగా రాయాలి. రెండు జిల్లాల పరీక్షల్లో తప్పిన బ్యాచ్‌లు ఇచ్చిన కంపెనీ ఎంత తక్కువ ధర చెప్పినా ఆ ఏడాదికి పక్కన పెట్టే నిబంధన చేర్చాలి. సరఫరా అయిపోయిన లాటులో తప్పు తేలితే మొత్తం వెనక్కి తీసుకుని కొత్తవి ఇచ్చే బాధ్యతా కంపెనీదేనని ఒప్పందంలో ఉండాలి. ఇవన్నీ ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి, సర్క్యులర్ ఒకటి వెలువడితే అయ్యే పనులు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలతో మొదలుపెట్టి, వచ్చే ఎండలకు ముందే మొదటి లాటును నీళ్లు పోసి చూడొచ్చు.